యానాంకి రెండు రేఖాంశాలు

గౌతమీ గోదావరి సముద్రాన్ని చేరబోయే ముందు, కోరంగి పాయ దాపున యానాం ఉంది. ఫ్రెంచివాళ్ళు 1723లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. కూతవేటు దూరంలో ఉన్న ఇంజరం, నీలపల్లిలో ఇంగ్లీషు కంపెనీ వ్యాపారం చేసుకునేది. ఇద్దరికీ నదీముఖం ఒకటే, ఇసుక మేటలూ ఒకటే. కాని పటం పరిచి ‘ఈ ఊరు ఎన్ని డిగ్రీల తూర్పున ఉంది?’ అని అడిగితే మాత్రం రెండు జవాబులు వచ్చేవి. గ్రీనిచ్ నుంచి లెక్కపెట్టే ఇంగ్లీషు నావికుడు 82°13′ అనేవాడు. పారిస్ నుంచి లెక్కపెట్టే ఫ్రెంచి నావికుడు 79°53′ అనేవాడు. ఇద్దరి మాటా నిజమే.

అక్షాంశం విషయంలో ఈ గొడవ లేదు. భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది కాబట్టి భూమధ్యరేఖను ప్రకృతే గీసి ఇచ్చింది. ఎవరు కొలిచినా యానాం అక్షాంశం ఉత్తరంగా 16°44′. రేఖాంశానికి అలాంటి సహజమైన మొదలు లేదు. ఎక్కడో ఒకచోట సున్నా పెట్టుకోవాలి. పారిస్ నక్షత్రశాల 1667లో మొదలైంది. దాని మీదుగా పోయే రేఖను ఫ్రెంచివాళ్ళు సున్నా అనుకున్నారు. 1679 నుంచి వాళ్ళ ఖగోళ పంచాంగం ‘కొనెసాఁస్ దె తాఁ’ ఏటా అచ్చవుతూ వచ్చింది. ఇంగ్లీషువాళ్ళ ‘నాటికల్ అల్మనాక్’ 1767వ సంవత్సరానికి మొదటిసారి వెలువడింది. అందులో లెక్కలన్నీ గ్రీనిచ్ నక్షత్రశాల నుంచి. ఏ పంచాంగం చేతిలో ఉంటే ఆ సున్నాయే నావికుడి సున్నా.

ఈ రెండు సున్నాల మధ్య తేడా 2 డిగ్రీల 20 నిమిషాల 14 సెకన్లు. సెకన్లు వదిలేద్దాం. గ్రీనిచ్ నుంచి కొలిచిన రేఖాంశాన్ని ‘గ’ అనీ, పారిస్ నుంచి కొలిచినదాన్ని ‘ప’ అనీ అనుకుంటే:

ప = గ − 2°20′

తొమ్మిదో తరగతి గణితంలో ‘రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాలు’ అనే పాఠంలో వచ్చేది సరిగ్గా ఇదే. ఆ పాఠం దగ్గర చాలామంది పిల్లలు తడబడతారు. అంతకుముందు వాళ్ళు చేసిన లెక్కల్లో సమీకరణానికి జవాబంటే ఒక్క సంఖ్య. తెలియని రాశి ఒకటే ఉండేది, దాని విలువ దొరకగానే పని అయిపోయేది. ఇక్కడ ‘82°13′’ అని రాస్తే అది జవాబు కాదు, జవాబులో సగం. మిగతా సగం 79°53′. రెండూ కలిపి (82°13′, 79°53′) అని రాస్తేనే సాధన. ముందు ‘గ’, తరువాత ‘ప’ అని ముందే ఒప్పందం చేసుకున్నాం కాబట్టి దీన్ని క్రమయుగ్మం అంటారు.

ఇలాంటి సాధనలు ఎన్ని ఉన్నాయి? ఎన్ని కావాలంటే అన్ని. భారతదేశంలోని ఫ్రెంచి స్థావరాలనే తీసుకుందాం. పుదుచ్చేరి (79°49′, 77°29′). మలబారు తీరంలోని మాహె (75°32′, 73°12′). బెంగాల్లోని చందర్‌నగర్ (88°22′, 86°2′). భూమ్మీద ఏ ఊరి పేరు చెప్పినా ఒక సాధన దొరుకుతుంది. ఏ ఊరూ లేని నడిసముద్రానికి కూడా దొరుకుతుంది. అనంతంగా ఉన్న ఈ జవాబులను జాబితా రాసి పూర్తి చెయ్యలేం. అందుకే బొమ్మ గీస్తాం.

గ్రాఫు కాగితం మీద అడ్డంగా ‘గ’, నిలువుగా ‘ప’ విలువలు గుర్తించి, ఒక్కొక్క క్రమయుగ్మానికి ఒక్కొక్క చుక్క పెట్టండి. యానాం, పుదుచ్చేరి, మాహె, చందర్‌నగర్ అన్నీ ఒకే సరళరేఖ మీద వరసగా వచ్చి కూర్చుంటాయి. ఇది దేశపటం కాదని మాత్రం మరచిపోకూడదు. ఇందులో అక్షాంశం లేదు. అందుకే యానాం చుక్క మీదే దాదాపుగా కాకినాడ చుక్క కూడా పడుతుంది, రెండు ఊళ్ళూ ఇంచుమించు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి కనుక. రేఖ వాలు 1. గ్రీనిచ్ లెక్కలో ఒక డిగ్రీ తూర్పుకు జరిగితే పారిస్ లెక్కలోనూ ఒక డిగ్రీయే జరుగుతాం మరి.

ఇప్పుడు ఆ రేఖ అక్షాలను ఎక్కడ తాకుతోందో చూడండి. అడ్డంగా ఉన్న అక్షాన్ని (2°20′, 0) దగ్గర ఖండిస్తుంది. పారిస్ లెక్కలో సున్నా ఉన్న చోటు అది, అంటే సాక్షాత్తూ పారిస్. నిలువు అక్షాన్ని (0, −2°20′) దగ్గర ఖండిస్తుంది. అది గ్రీనిచ్. పాఠ్యపుస్తకంలో అంతరఖండాలు అని పొడిగా చెప్పి వదిలేసే ఆ రెండు బిందువులు ఇక్కడ రెండు నక్షత్రశాలలు! రుణ గుర్తు కూడా ఊరికే రాలేదు. పారిస్‌వాడి దృష్టిలో గ్రీనిచ్ తనకు పడమటి వైపున ఉంది. సమీకరణంలోని ప్రతి గుర్తుకూ ఇలా నేల మీద ఒక అర్థం కనిపించే ఉదాహరణలు అరుదు. బడిలో ఈ పాఠం చెప్పేవారికి ఇంతకన్నా మంచి లెక్క దొరకదని నేను గట్టిగా నమ్ముతాను.

క్రమం తప్పితే ఏమవుతుంది? (79°53′, 82°13′) అని తిప్పి రాసి సమీకరణంలో పెట్టి చూడండి. 79°53′ నుంచి 2°20′ తీసేస్తే 77°33′ వస్తుంది గాని 82°13′ రాదు. కాబట్టి అది సాధన కాదు. కాగితం మీద ఇది ఒక మార్కు పోవడంతో సరి. ఓడ మీద అలా కాదు. ఫ్రెంచి పటంలోని 79°53′ను ఎవరైనా గ్రీనిచ్ లెక్క అనుకుంటే, యానాం రేవు దాదాపు 250 కిలోమీటర్లు పడమటికి జరిగిపోతుంది. ఆ చోటు హుజూర్‌నగర్‌కి దక్షిణంగా, కృష్ణ ఒడ్డు ప్రాంతంలో ఉంది. దీనికి ఎదురు తప్పు చేసి 82°13′ను పారిస్ లెక్క అనుకున్నవాడు గ్రీనిచ్ నుంచి 84°33′ దగ్గర, నట్టనడి బంగాళాఖాతంలో రేవు కోసం వెతుక్కోవాలి. సంఖ్యలో తప్పు లేదు, దాన్ని కూర్చోబెట్టిన స్థానంలో ఉంది తప్పు.

1884లో వాషింగ్టన్‌లో 25 దేశాలు సమావేశమై గ్రీనిచ్‌నే అందరికీ సున్నాగా తీర్మానించాయి. 22 దేశాలు అవునన్నాయి, ఒకటి కాదంది. ఫ్రాన్స్, బ్రెజిల్ ఓటు వేయలేదు. ఆ తరువాత కూడా ఫ్రాన్స్ చాలాకాలం పారిస్ కాలాన్నే పాటించింది. చివరికి 1911 మార్చి 9న ఒక చట్టం చేశారు. ఫ్రాన్స్ అధికారిక సమయం అంటే పారిస్ సగటు సమయం నుంచి 9 నిమిషాల 21 సెకన్లు వెనక్కి జరిపినది అని అందులో ఉంది. గ్రీనిచ్ అన్న పేరు చట్టంలో ఎక్కడా రాదు! భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. 2°20′14″ను 4తో గుణిస్తే సరిగ్గా ఆ 9 నిమిషాల 21 సెకన్లు తేలుతాయి. పేరు పలకకుండా సమీకరణం రాసి పార్లమెంటు చేత ఒప్పించారన్నమాట. దేశాభిమానానికీ గణితానికీ కుదిరిన ఈ రాజీ నాకు చాలా ఇష్టం.

అదే గుణకారం మన గడియారానికీ వర్తిస్తుంది. రేఖాంశం డిగ్రీలను 4తో గుణిస్తే గ్రీనిచ్ కన్నా మనం ఎన్ని నిమిషాలు ముందున్నామో తెలుస్తుంది. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన రేఖాంశం 82½ డిగ్రీలు. సాధన (82½, 330). 330 నిమిషాలంటే అయిదున్నర గంటలు. ఆ రేఖ యానాంకి తూర్పున సుమారు 30 కిలోమీటర్ల దూరంలో సముద్రం మీదుగా పోతుంది. యానాం వరకూ వస్తే 328 నిమిషాల 52 సెకన్లు. అంటే యానాం సొంత సగటు సూర్యకాలం గోడ గడియారం కన్నా కేవలం 1 నిమిషం 8 సెకన్లు వెనక. దేశంలో చాలా ఊళ్ళ కన్నా ఇక్కడ సూర్యుడికీ గడియారానికీ పొత్తు బాగా కుదిరింది.

రెండు తెలియని రాశులను జంటగా పట్టుకోవడం ఫ్రాన్స్ నుంచి ఓడలో దిగిన విద్య మాత్రం కాదు. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, 850 ప్రాంతంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో ‘గణితసార సంగ్రహం’ రాశాడు. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో మొట్టమొదటి గణిత గ్రంథంగా పేరుపొందినది అదే. మహావీరుడి సంస్కృత గ్రంథంలో ఒక పండ్ల లెక్క ఉంది. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి వెల 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు కలిపి వెల 101. ఒక్కొక్క పండు వెల ఎంత?

మొదటి మాటను 9మ + 7వ = 107 అని రాద్దాం. (8, 5) పెడితే 72, 35 కలిపి 107 వస్తుంది, సరిపోయింది. అదొక్కటే సాధనా? పండు వెల పూర్ణసంఖ్యే అయి ఉండాలంటే ఇంకొక్కటి ఉంది. మాదీఫలం వెలను 7 తగ్గించి, వెలగపండు వెలను 9 పెంచండి. తగ్గింది 9 ఏళ్ళు 63, పెరిగింది 7 తొమ్మిదులు 63. మొత్తం మారదు. అలా (1, 14) వస్తుంది. మరొక అడుగు వేస్తే వెల సున్నా కన్నా కిందికి పోతుంది. కాబట్టి అంగడికి పనికొచ్చేవి ఆ రెండు జంటలే. వాటిలో ఏది నిజమో రెండో మాట తేలుస్తుంది. (1, 14)ను రెండో దానిలో పెడితే 133 వస్తుంది, చెల్లదు. (8, 5) పెడితే 56, 45 కలిపి 101.

ఇక (8, 5)ను తిప్పి (5, 8) చెయ్యండి. మొదటి సమీకరణంలో 45, 56 కలిసి 101 అవుతుంది. రెండోదానిలో 35, 72 కలిసి 107 అవుతుంది. రెండు మొత్తాలూ ఒకదాని చోటికి ఒకటి వెళ్ళిపోయాయి. అయిదూ ఎనిమిదీ అవే, పండ్లూ అవే. ఏ వెల ఏ పండుదో చెప్పే బాధ్యతంతా క్రమానిదే అని ఈ లెక్క ఎంత ముచ్చటగా చూపిస్తోందో గమనించండి.

జంటను చుక్కగా, సమీకరణాన్ని గీతగా చూసే చూపు 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞులది. దెకార్త్ 1637లో ‘జ్యామితి’ అచ్చు వేశాడు. తూలూజ్‌లో న్యాయాధికారిగా ఉన్న ఫెర్మా ఇంచుమించు అప్పుడే విడిగా అదే దారి పట్టాడు గాని, ఆ రచన ఆయన పోయాక 1679లో గాని అచ్చు కాలేదు. అసలు ‘ముందు’, ‘తరువాత’ అనే మాటలు వాడకుండా క్రమాన్ని చెప్పగలమా అన్న ప్రశ్న మాత్రం 20వ శతాబ్దం దాకా ఆగింది. సమితిలో క్రమం ఉండదు. అందులో 5, 8 వేసినా 8, 5 వేసినా ఒకటే. పోలండ్ గణితజ్ఞుడు కురటోవ్‌స్కీ 1921లో దీనికి చక్కని ఉపాయం చెప్పాడు. (8, 5)కు బదులు రెండు సమితులు తీసుకోండి. ఒకదానిలో 8 ఒక్కటే, రెండోదానిలో 8, 5 రెండూ. రెండు సమితుల్లోనూ ఉన్నది ఏదో అదే మొదటిది. వరస అనే మాట అనకుండానే వరస వచ్చేసింది.

ఇప్పుడు అందరూ గ్రీనిచ్‌నే సున్నాగా ఒప్పుకున్నా, క్రమం మీద ఒప్పందం ఇంకా పూర్తిగా కుదరలేదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 6709 ప్రకారం అక్షాంశం ముందు రావాలి. ఫోనులో మనం వాడే పటాలు ఎక్కువగా ఇదే పద్ధతిలో చూపిస్తాయి. కంప్యూటర్లు పటాల సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే జియోజేసన్ అనే పద్ధతి దీనికి తలకిందులు. 2016లో ఖరారైన దాని నియమం ప్రకారం ముందు రేఖాంశం, తరువాతే అక్షాంశం. గ్రాఫు కాగితం అలవాటు ప్రకారం అడ్డంగా కొలిచేది ముందు, నిలువుగా కొలిచేది తరువాత రావడం దానికి సహజం. ఒక పద్ధతిలో రాసిన జంటను రెండో పద్ధతి ప్రకారం చదివే ప్రోగ్రాముకు యానాం అక్షాంశం 82°13′ అవుతుంది, రేఖాంశం 16°44′ అవుతుంది. అలాంటి చోటు భూమ్మీద నిజంగానే ఉంది. నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో, ఉత్తర ధ్రువానికి సుమారు ఎనిమిది వందల డెబ్భై కిలోమీటర్ల దూరంలో. అదే 90 కన్నా పెద్ద సంఖ్య అక్షాంశం స్థానంలోకి వచ్చి ఉంటే ప్రోగ్రాము అప్పటికప్పుడే తప్పు పట్టుకునేది. యానాం రేఖాంశం 90 లోపు కావడం వల్ల ఏ హెచ్చరికా రాదు. మన తెలుగు జిల్లాలన్నిటి రేఖాంశాలూ 90 లోపే కాబట్టి, ఈ ప్రాంతపు పటాల మీద పనిచేసే పిల్లలు పట్టికలో ప్రతి నిలువు వరస నెత్తిన ఏది అక్షాంశమో ఏది రేఖాంశమో రాసుకున్నాకే మొదటి అంకె దించాలి.