శస్త్రశుద్ధి

నిజాంసాగరు కాలువల క్రింద దినమెల్ల బురదలో నిలిచి నాట్లు వేయు బాన్సువాడ ప్రాంతపు కూలిజనమునకు అరికాలి ఆనెయు, వ్రేలిమీది పులిపిరియు, మెడవెనుకటి కొవ్వుగడ్డయు వ్యాధులుగా తోపవు; అవి పనికి అడ్డువచ్చిననాడు మాత్రమే "సారూ, జరంత కోసెయ్యుండ్రి, పొద్దుమూకకముందే ఇంటికి పోవాలె" అని వైద్యుని అడుగుదురు. ఆ కోరికలో తప్పేమియు లేదు. కోయు చోటు మాత్రము మొద్దుబారునట్లు సూదిమందు వేసి, స్వల్పకాలములో ముగించి, రోగిని నడిపించి పంపగల చికిత్స ఇది. నియమములు పాటించిన చోట గాయము చీముపట్టుట సామాన్యముగా నూటికి ఒకటి రెండింటికి మించదు. అయితే కోత చిన్నది గనుక శుద్ధియు కొంచెమైనను చాలునను భ్రమ రోగికిని, ఒక్కొక్కప్పుడు చికిత్సకునికిని, సులభముగా కలుగుచుండును.

మిలమిలలాడు కత్తెరయైనను దాని కీలునందు ఎండిన రక్తము దాగియున్నచో, అందులో హెపటైటిస్-బి వైరసు ఏడు దినముల వరకును బ్రతికియుండగలదు. పరికరములను నీటిలో మరగించుట మన పెద్దలెరిగిన పద్ధతియే. అది పెక్కు సూక్ష్మజీవులను చంపునుగాని, ధనుర్వాతమును కలిగించు క్రిమి యొక్క బీజకణములను నమ్మకముగా నశింపజేయజాలదు. స్పిరిటునకును ఆ శక్తి లేదు. 1879లో పాశ్చరు సహచరుడగు షాంబర్లాండు రూపొందించిన ఆటోక్లేవు ఈ కొరత తీర్చినది. సూత్రము వంటయింటి కుక్కరుదే: మూసిన పాత్రలో ఒత్తిడికి లోనైన ఆవిరి 121 డిగ్రీల సెల్సియసు వేడి నందుకొని, పొట్లము కట్టిన పరికరములను ముప్పది నిమిషములలో నిర్జీవము గావించును.

ఐనను ఆవిరి సోకని చోట ఆ వేడి నిష్ఫలము. పట్టకారు నోరు తెరచి పెట్టవలెను. పొట్లములను క్రిక్కిరిసినట్లు కుక్కరాదు. తడియారకమునుపే బయటికి తీసినచో తడిసిన గుడ్డగుండ క్రిములు మరల లోనికి ప్రవేశించును. పొట్లముపై అంటించిన పట్టీ నల్లచారలు దేరుట వేడి తగిలినదనుటకే గుర్తు, లోపలిది శుద్ధమైనదనుటకు కాదు. అది తెలియుటకు బీజకణముల పరీక్షయే శరణ్యము. ఇన్నిటికిని ముందు, బ్రష్షుతో కీలుకీలును తోమి రక్తము వదల్చు పని యున్నది. శస్త్రవైద్యుని నేర్పును పొగడు మనము, తొట్టియొద్ద నిలిచి ఆ పని చేయువానిని తలంపనే తలంపము. నా మట్టుకు రోగి క్షేమమున అతని పాలు తక్కువది కాదు.

బాన్సువాడ ఒకప్పుడు చేరియుండిన నిజామాబాదు జిల్లాలోని డిచ్‌పల్లియందు, 1915లో ఇసబెల్ కెర్ అను స్కాట్లండు వైద్యురాలు కుష్ఠురోగుల ఆసుపత్రిని నెలకొల్పెను. ఆ వ్యాధి నిర్ధారణకు చెవితమ్మెను వ్రేళ్ల నడుమ నొక్కిపట్టి, రెండు మూడు మిల్లీమీటర్ల లోతు గాటుపెట్టి, ద్రవమును గీకి తీయుదురు. కోతలలో ఇంతకంటె చిన్నది అరుదు. ఐనను ఒకరికి వాడిన బ్లేడు మరియొకరిని తాకరాదన్నది అందును తప్పని నియమము.

నియమములను చెరచునది అజ్ఞానముకంటె తొందరయే యనిపించును. 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నమున ఒక్కనాడే 34 మంది స్త్రీలకు కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు జరుగగా, పిదప కొలది దినములలో నలుగురు మరణించిరి. సంక్రమణమే కారణమని విచారణలో తేలినది. అది చర్మపు కోత కాకున్నను, వచ్చిన దినముననే ఇంటికి పంపు చికిత్సయే. మూడు లాపరోస్కోపులున్న బృందము దినమునకు 30కి మించి చేయరాదని జాతీయ మార్గదర్శకములు విధించుటలోని అర్థమును ఇక్కడ గ్రహింపవచ్చును: ఒకరికి వాడిన పరికరము మరల శుద్ధమగుటకు వ్యవధి కావలెను.

ఇక రోగి చేయదగినది కొంత కలదు. పొట్లమును తన యెదుట విప్పుమని అడుగుట అమర్యాద కాదు. కోతకుముందు వెండ్రుకలు తీయవలసివచ్చినచో, మంగలికత్తి చర్మమును గీరి క్రిములకు దారి యిచ్చును గావున, కత్తిరింపు యంత్రమే మేలు. మధుమేహమున్నచో ముందే చెప్పవలెను. శుద్ధమైన చిన్న కోతకు ఆంటీబయాటిక్ మాత్రలు సామాన్యముగా అక్కరలేదు, మురికి కత్తికి అవి పరిహారమును గావు. రెండు మూడు దినముల పిమ్మట నొప్పి తగ్గుటకు మారు పెరిగినను, ఎరుపు వ్యాపించినను, చీముగాని జ్వరముగాని కనబడినను, కుట్లు విప్పు తేదీకై ఆగక ఆసుపత్రికి తిరిగి పోవలెను.