మధ్యాహ్నం పన్నెండున్నరకి వెళ్ళి చూడండి

అన్నం తింటూ ఎవరికైనా పొలమారితే మన ఇళ్ళల్లో రెండు జరుగుతాయి. ఒకరు నెత్తి మీద తడతారు, ఇంకొకరు ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అంటారు. మనకైతే రెండు దగ్గులతో పోతుంది. కానీ పక్షవాతం వచ్చినవాళ్ళకి, పార్కిన్సన్స్, డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళకి అదే పొలమారడం ప్రాణం మీదకి తెస్తుంది. అలాంటివాళ్ళు ఎక్కువమంది ఒకేచోట ఉండేది కేర్ హోమ్‌లలో. (మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి. నేను చెప్పేది నెలనెలా డబ్బు కట్టి పెద్దవాళ్ళని ఉంచే చోటు గురించి.)

స్ట్రోక్ తర్వాత మా నాయనమ్మ హైదరాబాద్ శివార్లలో అలాంటి ఓ హోమ్‌లో ఉంటోంది. లాబీలో ఏసీ, పెద్ద టీవీ, పిల్లలు ఫోన్‌లో చూసుకోడానికి కెమెరా యాప్. చూడ్డానికి వచ్చేవాళ్ళంతా ఆదివారం సాయంత్రం నాలుగింటికి పళ్ళు పట్టుకుని వస్తారు. ఆ టైమ్‌లో ఏ హోమ్ అయినా బాగానే ఉంటుంది. నేను ఓ బుధవారం, వర్క్ ఫ్రమ్ హోమ్ రోజున, భోజనాల వేళకి వెళ్ళాను.

హాల్లో చేత్తో తినలేనివాళ్ళు తొమ్మిది మంది. తినిపించడానికి ఒక్క ఆయా. ఆ అమ్మాయిని తప్పు పట్టను. పెట్టిన ముద్ద మింగారో లేదో చూసి ఇంకో ముద్ద పెట్టాలంటే ఒక్కొక్కరికి అరగంట పడుతుంది. తొమ్మిది మందికి నాలుగున్నర గంటలు. ఆమెకి ఇచ్చింది గంట. ఇక ఏం చేస్తుంది? పెద్ద స్పూను, పెద్ద ముద్ద, ‘మింగు పెద్దమ్మా, మింగు’. మంచం సగమే లేపి ఉంది. నాయనమ్మ ప్రతి రెండో ముద్దకీ దగ్గుతోంది. మేనేజర్‌ని అడిగితే ‘వయసైపోయింది కదా సార్’ అన్నాడు.

వయసు ఒక్కటే కాదు. గాలిగొట్టం, అన్నం దిగే గొట్టం రెండింటికీ దారి గొంతులోనే. మింగినప్పుడల్లా గాలిగొట్టం ఒక్క క్షణం మూసుకోవాలి. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో ఆ టైమింగ్ తప్పుతుంది. పెద్ద ముక్క అడ్డం పడితే ఊపిరి ఆగిపోతుంది, అది అందరికీ కనిపిస్తుంది. కనిపించనిది ఇంకోటుంది. కొందరికి దగ్గు కూడా రాకుండా తిండి కొంచెం కొంచెంగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. తిన్నాక గొంతు తడితడిగా, గరగరమంటూ వినిపించడం, మాటిమాటికీ జ్వరం, బరువు తగ్గడం దాని గుర్తులు కావచ్చు. చివరికి ఫైల్లో న్యుమోనియా అని రాస్తారు. తొందర తొందరగా తినిపించిన భోజనం గురించి ఎవరూ రాయరు.

ఇలాంటివి చూసేది స్పీచ్ థెరపిస్ట్. మాటలు నేర్పేవాళ్ళు కదా అనుకుంటాం, మింగడం కూడా వాళ్ళ సబ్జెక్టే. నాయనమ్మని చూసిన ఆవిడ చెప్పినవాటిలో నాకు ఆశ్చర్యమనిపించింది ఏంటంటే, మింగే ఇబ్బంది ఉన్న చాలామందికి కష్టమైనవాటిలో మామూలు నీళ్ళు ఒకటి! పల్చగా ఉంటాయి కాబట్టి గొంతు సిద్ధమయ్యేలోపే జారిపోతాయి. మజ్జిగన్నం, చారన్నం మెత్తగా ఉన్నాయని మనకి ధైర్యం. కానీ పల్చటిది ముందు జారుతుంది, మెతుకులు నోట్లో మిగులుతాయి. పొడి ఇడ్లీ, బ్రెడ్, ఉడికిన గుడ్డు సొన గొంతులో అతుక్కుంటాయి.

తిండి ఎంత మెత్తగా, పానీయం ఎంత చిక్కగా ఉండాలో చెప్పడానికి ఐడీడీఎస్ఐ అని ఒక అంతర్జాతీయ స్కేల్ ఉంది, 0 నుంచి 7 దాకా. ఇంజనీర్‌ని కదా, నాకు భలే నచ్చింది. ‘కొంచెం చిక్కగా’ లాంటి మాటలుండవు. వాళ్ళు చెప్పిన కొలత 10 ఎంఎల్ సిరంజిలో పానీయం పోసి 10 సెకన్లు వదలాలి. 1 ఎంఎల్ కంటే తక్కువ మిగిలితే లెవెల్ 0. 4 నుంచి 8 మిగిలితే లెవెల్ 2. వంటగదిలో ఎవరైనా చేయొచ్చు. ఎవరికి ఏ లెవెల్ అనేది మాత్రం థెరపిస్టే చెప్పాలి, మనం సొంతంగా చిక్కబరచకూడదు.

మిగతావాటికి ఖర్చే లేదు. నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. చిన్న స్పూను వాడాలి. కట్టుడు పళ్ళు బిగుతుగా ఉన్నాయా, బలహీనమైన వైపు బుగ్గలో మెతుకులు దాక్కున్నాయా చూడాలి. మత్తుగా ఉన్నప్పుడు అస్సలు తినిపించకూడదు. నిద్రమాత్ర వేసి, ఆ వెంటనే భోజనం పెట్టే చోట్లున్నాయి. నన్నడిగితే దానికి నిర్లక్ష్యం తప్ప ఇంకో పేరు లేదు.

నిజంగా అడ్డం పడితే? గట్టిగా దగ్గుతున్నంతసేపూ దగ్గనివ్వండి. మాట, దగ్గు రెండూ రాకపోతే ముందుకు వంచి రెండు భుజాల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా కొట్టాలి. రాకపోతే వెనక నుంచి బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి 5 సార్లు నొక్కాలి. బయటికొచ్చేదాకా మార్చి మార్చి చేయాలి. స్పృహ తప్పితే సీపీఆర్. ఈలోపు ఒకరు 108కి ఫోన్ చేయాలి. నీళ్ళు తాగించొద్దు, కనిపించని ముక్క కోసం గొంతులో వేలు పెట్టొద్దు, నెత్తి మీద తట్టడం వల్ల ఏ ఉపయోగమూ లేదు.

ఈ నొక్కే పద్ధతిని 1974లో ప్రపంచానికి చెప్పిన డాక్టర్ హెన్రీ హైమ్లిక్, 2016లో తన 96వ ఏట సిన్సినాటీలో వృద్ధులుండే హోమ్‌లో భోజనం చేస్తుంటే, అదే టేబుల్ దగ్గరున్న 87 ఏళ్ళావిడకి హాంబర్గర్ ముక్క అడ్డం పడింది. లేచి తనే తీసేశాడు. ఆవిడ అదృష్టం ఆయన డాక్టర్ కావడం ఒక్కటే కాదు, పక్కన ఒక మనిషి కూర్చుని చూస్తూ ఉండటం కూడా.

మా హోమ్‌తో నెలన్నర వాదించాం. ఆరు కుటుంబాలు కలిసి మెయిల్ పెట్టాక మధ్యాహ్నానికి ఇంకో ఇద్దరు ఆయాల్ని వేశారు. రాత్రి భోజనానికి ఇంకా ఒక్కరే. హోమ్ అసలు వినకపోతే పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 ఉంది.

నాయనమ్మ పక్క మంచం తాతగారి కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. ఇక్కడ పన్నెండున్నర అంటే వేసవిలో అక్కడ రాత్రి రెండు. ఆ టైమ్‌లో ఒకసారి కెమెరా యాప్ తెరవమని మెసేజ్ పెట్టాను. ‘అలారం పెట్టుకున్నా బ్రో’ అని రిప్లై వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి హోమ్ మేనేజర్ ఫోన్ ఎంగేజ్ వచ్చింది.