హూవర్ భవనము

హూవర్ భవనము ఇంగ్లండులో లండన్ నగరపు పడమటి శివారైన పెరివేల్‌లో, వెస్టర్న్ అవెన్యూ అనే రహదారి ప్రక్కన ఉన్న ఒక చారిత్రక కట్టడము. వాక్యూం క్లీనర్ల కర్మాగారముగా నిర్మించబడిన ఈ భవనము, బ్రిటనులోని ఆర్ట్ డెకో శైలి కట్టడాలలో ప్రసిద్ధి చెందినది.

నేపథ్యము

మొదటి ప్రపంచ యుద్ధము తరువాత లండన్ శివార్లలో వెడల్పైన కొత్త రహదారులు వేశారు. వాటి వెంట విద్యుత్తుతో నడిచే కర్మాగారాలు వెలిశాయి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రములో పుట్టిన హూవర్ సంస్థ, బ్రిటనులో తన కర్మాగారము కొరకు పెరివేల్‌ను ఎన్నుకొన్నది. ఈ సంస్థ యంత్రాలు ఎంతగా వ్యాపించినవంటే, బ్రిటనులో ఏ వాక్యూం క్లీనరునైనా "హూవర్" అనే పిలవడము వాడుక అయినది.

నిర్మాణము

వాలిస్, గిల్బర్ట్ అండ్ పార్ట్‌నర్స్ అనే వాస్తుశిల్ప సంస్థ రూపకల్పన చేసిన ఈ భవనము 1933లో ప్రారంభమైనది. సంస్థ అధిపతి థామస్ వాలిస్. రహదారికి ఎదురుగా పొడవైన తెల్లని ముఖభాగము, స్తంభాల నడుమ ఎత్తైన కిటికీలు, ఇరు చివరల మెట్ల గోపురాలు ఉన్నాయి. ప్రధాన ద్వారముపై సూర్యకిరణాలను తలపించే అలంకరణ, ఎరుపు, నీలము, ఆకుపచ్చ, నలుపు రంగుల పింగాణీ పలకలు ఉన్నాయి. ముందుభాగములో కార్యాలయాలు ఉండగా, యంత్రాల తయారీ వెనుక నిరాడంబరమైన షెడ్లలో జరిగేది. కార్లలో వెళ్ళేవారికి ముఖభాగమే సంస్థ ప్రకటనగా పనిచేసేది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలములో ఇక్కడ విమానాలకు, ట్యాంకులకు కావలసిన విద్యుత్ పరికరాలు తయారు చేశారు. శత్రు విమానాలకు తెల్లని గోడలు కనబడకుండా భవనాన్ని మరుగుపరిచారు.

విమర్శ, పరిరక్షణ

ఈ అలంకరణ పండితులందరికీ నచ్చలేదు. ప్రముఖ వాస్తు చరిత్రకారుడు నికొలస్ పెవ్స్‌నర్, మిడిల్‌సెక్స్ కట్టడాలపై 1951లో వెలువడిన గ్రంథములో దీనిని తీవ్రముగా విమర్శించాడు.

అభిప్రాయాలు మారేనాటికి ఇదే తరహా కర్మాగారాలకు ముప్పు ఏర్పడినది. బ్రెంట్‌ఫర్డ్‌లో 1928లో ప్రారంభమైన ఫైర్‌స్టోన్ టైర్ల కర్మాగారము కూడా వాలిస్ సంస్థ నిర్మాణమే. రక్షణ ఉత్తర్వులు వెలువడనుండగా, 1980 ఆగస్టులో వారాంతపు సెలవులలో దాని ముఖభాగాన్ని కూల్చివేశారు. ఈ సంఘటనపై తీవ్ర నిరసన వ్యక్తమైనది. అదే ఏడాది అక్టోబరులో హూవర్ భవనానికి గ్రేడ్ 2 స్టార్ రక్షణ లభించినది. ఈ హోదా పొందిన కట్టడాన్ని ప్రత్యేక అనుమతి లేకుండా కూల్చడానికి గానీ, దాని స్వరూపాన్ని మార్చడానికి గానీ వీలులేదు.

తరువాతి ఉపయోగము

రక్షణ హోదా గోడలను కాపాడినది గానీ ఉద్యోగాలను కాపాడలేదు. 1982లో కర్మాగారము మూతపడి, భవనము కొన్నేళ్ళు ఖాళీగా ఉన్నది. 1989లో టెస్కో సంస్థ దీనిని కొనుగోలు చేసినది. వెనుక ఉన్న షెడ్ల స్థానములో నిర్మించిన సూపర్‌మార్కెట్టు 1992లో ప్రారంభమైనది. ముందుభాగాన్ని మరమ్మతు చేసి కార్యాలయాలకు కేటాయించారు. 2010ల చివరిభాగములో అది 66 అపార్ట్‌మెంట్ల నివాస భవనముగా మారినది. రహదారి వైపు ముఖభాగము మాత్రము 1933 నాటి రూపాన్నే నిలుపుకొన్నది.