ఇసుక నేల పెరటిలో సోయకూర



పెరటిలో ఆకుకూరలనగా మనకు తోటకూర, గోంగూర, చుక్కకూర, కొత్తిమీర గుర్తుకు వచ్చును. వీనితో పాటు పెంచదగిన మరియొక మంచి కూర సోయకూర. తెలంగాణము వారు దీనిని సోయకూర అందురు. కన్నడము వారు సబ్బసిగె అనియు, తమిళులు సదకుప్పై అనియు పిలుతురు. వైద్య గ్రంథములలో దీని పేరు శతపుష్ప. ఇది కొత్తిమీర, వాము, జీలకర్ర, సోపుల కుటుంబమునకు చెందిన మొక్క. ఆకు సన్నని దారముల వలె ఉండి చక్కని వాసన కలిగియుండును. పెసరపప్పుతో గాని, బంగాళాదుంపతో గాని వండిన మిక్కిలి రుచిగా నుండును.

శ్రీహరికోటకు ఎదురుగా పులికాట్ సరస్సు ఒడ్డున సూళ్ళూరుపేట, తడ ప్రాంతములలో నివసించు వారికి ఈ కూర మీద ప్రత్యేక శ్రద్ధ ఉండదగును. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుండి మొదటి రోహిణి రాకెట్ ఎగిరిన నాటి నుండి ఆ కేంద్రమునకు అనేక రాష్ట్రముల వారు ఉద్యోగములకు వచ్చుచున్నారు. కన్నడ, తెలంగాణ, ఉత్తరదేశ కుటుంబములకు ఇది అలవాటైన కూర. అందుచేత ఇంటికి మిగిలిన నాలుగు కట్టలు సంతలో అమ్ముకొనుటకును వీలుండును.

అయితే పుస్తకములో చెప్పిన సేద్యము ఈ ఇసుక నేలకు అట్లే పనికిరాదు. ఇచ్చట పంటను గెలిపించునవి రెండే: విత్తు సమయము, తీపి నీరు.

నేను నేర్చుకొన్న పాఠము

నేను ఈ ప్రాంతమునకు కొత్తగా వచ్చిన సంవత్సరము ఒక ఇంటి పెరటిలో అక్టోబరు నెలలో సోయ విత్తనము చల్లించితిని. శీతకాలపు పైరు గనుక అక్టోబరే తగిన అదనని నేను చదువుకొన్నది. పది దినములలో పెద్ద వాన కురిసెను. మడి చదును, నేల ఇసుక. విత్తనము, ఎరువు రెండును కొట్టుకొనిపోయెను. ఆ ఇంటి పెద్దమ్మ నన్ను కోపగించుకొనలేదు. “అయ్యా, ఈ ఇసకలో వాన ముందర చల్లేది కాదు. వాన ఎలిసినాక చల్లాల” అని మాత్రము అన్నది.

ఆమె డిసెంబరులో మరల చల్లి, పెరటి దొరువు నుండి కడవతో నీరు పోసెను. జనవరి చివరకు పైరు పచ్చగా కోతకు వచ్చెను. అదే దినములలో చల్లిన పొరుగు పెరటిలో మాత్రము ఆకు కొనలు ఎండి గోధుమ రంగుకు తిరిగెను. అచ్చట లోతు బోరు నీరు కట్టుచుండిరి. విత్తనము ఒకటే, నేల ఒకటే, నీరు మాత్రము వేరు.

నీటి సంగతి

పులికాట్ మన దేశములో చిలుక సరస్సు తరువాత పెద్దదైన ఉప్పునీటి కయ్య. దీని చుట్టును, సముద్రతీరము వెంబడిని ఇసుకలో ఇంకిన వాననీరు తేలికగా నుండుటచే అడుగున నున్న ఉప్పునీటి మీద తేలియుండును. దొరువులో మనకు దొరకునది ఈ పైపొర నీరే. శాస్త్రపు లెక్క ప్రకారము సముద్రమట్టమునకు పైన తీపి నీరు ఒక అడుగు నిలిచిన, దాని క్రింద సుమారు 40 అడుగుల తీపి నీరు ఉండును. పై మట్టము ఒక అడుగు తగ్గి అట్లే నిలిచిన, అడుగు నుండి ఉప్పునీరు సుమారు 40 అడుగులు పైకి జరుగును. కావున లోతు బోరుతో గంటల తరబడి తోడుట మన తీపి నీటిని మనమే చెడగొట్టుకొనుట యగును. బాపట్ల పరిశోధనా కేంద్రము వారు దొరువులను మెరుగుపరచి, పైపొర నీటిని మాత్రమే నెమ్మదిగా తోడుకొను పద్ధతిని రూపొందించిరి. పెరటి తోటకు కడవతో ముంచుట దీనికంటెను సులభము.

మీ నీటిని ఒక శుభ్రమైన సీసాలో పట్టి పరీక్షా కేంద్రమునకు పంపుడు. నీటి విద్యుద్వాహకత 0.7 మిల్లీమోసుల లోపు ఉన్న నిశ్చింతగా వాడవచ్చును. 3 దాటిన నీటిని ఆకుకూరలకు పోయరాదు. నడుమ నున్న నీటిని మొక్కల మీద చల్లక మొదళ్ళలోనే పోయవలెను. సబ్బు కలిసిన నీటిని మడిలోనికి పారనీయకుడు.

విత్తు కాలము

మన ప్రాంతమునకు ఈశాన్య ఋతుపవనముల వానలే ముఖ్యము. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తుపానుల భయముండును. 1984 నవంబరులో ఒక తీవ్ర తుపాను శ్రీహరికోట సమీపముననే తీరము దాటెను. 2023 డిసెంబరు మొదటి వారములో మిచౌంగ్ తుపాను ఈ జిల్లాను వానలతో ముంచెత్తెను. కాబట్టి విత్తనమంతయు ఒకేసారి చల్లివేయకుడు. జ్యేష్ఠ కార్తెలో, అనగా డిసెంబరు మొదటి పక్షములో, వాన తెరపి చూచి మొదటి మడి విత్తవలెను. తరువాత పదునైదు దినములకు ఒక మడి చొప్పున జనవరి మూడవ వారము వరకు నాలుగు మళ్ళు విత్తవచ్చును. ఒక మడి వానకు పోయినను మిగిలినవి దక్కును. ఆలస్యముగా విత్తిన పైరు ఎండలు ముదిరి, పగళ్ళు పెరుగగనే ఆకు వేయక పూత కాడ వేయును.

మడి తయారు చేయుట

ఒక మీటరు వెడల్పు, 5 మీటర్ల పొడవు గల మడిని జానెడు ఎత్తున కట్టవలెను. ఉత్త ఇసుకలో నీరును ఎరువును నిలువవు. మడికి మూడు నాలుగు గంపల చెరువు మట్టి, 20 కిలోల బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి త్రవ్వవలెను. వంగ, టమాటా వేసిన చోట వేళ్ళకు బుడిపెలు కనిపించిన, నులిపురుగులున్నవని గ్రహింపుడు. అట్టి చోట ఒక కిలో వేపపిండి కలుపుడు. మరుసటి పైరుగా బంతి వేయుట మంచిది.

విత్తుట

సోయకు తల్లివేరు లోతుగా దిగును. నారు పోసి నాటిన మొక్క తిరుగుకొనదు. కావున నేరుగా మడిలోనే విత్తవలెను. 5 చదరపు మీటర్ల మడికి 10 గ్రాముల విత్తనము చాలును. రాత్రి నానబెట్టి, ఉదయము నీడన ఆరబెట్టి, రెండు దోసిళ్ళ పొడి ఇసుకలో కలిపి, జానెడు ఎడముగా గీసిన సాళ్ళలో పలుచగా వేయుడు. పైన అర అంగుళమునకు మించి మట్టి కప్పరాదు. వరిగడ్డి పలుచగా పరచి, చిల్లుల మూతి గల డబ్బాతో నీరు చల్లుడు. వారము మొదలు రెండు వారములలో మొలకలు వచ్చును. మొలక కనిపించగనే సాయంకాలము గడ్డిని తీసివేయవలెను.

పోషణ

మొక్కలు వ్రేలెడు ఎత్తు పెరిగిన తరువాత ఒత్తుగా నున్నవానిని పీకి, మొక్కకు మొక్కకు మూడు నాలుగు అంగుళముల ఎడము ఉంచుడు. పీకిన లేత మొక్కలు వంటకు పనికివచ్చును. ఇసుక నేలలో వారమునకొకసారి విస్తారముగా కట్టుట కంటె దినమునకొకసారి కొద్దికొద్దిగా పోయుట మేలు. మూడు వారములకు 20 గ్రాముల యూరియాను 10 లీటర్ల నీటిలో కరగించి మొదళ్ళలో పోయవలెను. కోత కోసిన పిమ్మట మరల ఇట్లే చేయుడు. ఒకేసారి ఎక్కువ వేసిన ఎరువు ఇసుకలో దిగిపోయి దొరువు నీటిలోనే కలియును.

పేనుబంక పట్టిన మొదట నీటిని గట్టిగా చిమ్మి కడుగుడు. తగ్గనిచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రము చల్లవలెను. తినెడి ఆకు మీద విషపు మందులు చల్లరాదు. అక్షింతల పురుగులు పేనుబంకను తినును. వానిని చంపకుడు.

కోత - విత్తనము

విత్తిన 35 - 45 దినములకు ఆకు కోతకు వచ్చును. నేల నుండి మూడు నాలుగు అంగుళములు వదలి కోసిన మరల చిగుర్చును. తెల్లవారుజామున కోసి, తడి గుడ్డలో చుట్టి సంతకు తీసికొనిపోవుడు. మొదట విత్తిన మడిలో పది పండ్రెండు బలమైన మొక్కలను కోయక విత్తనమునకు విడువుడు. పసుపు పూల గొడుగులు గోధుమ రంగుకు తిరుగగనే కోసి, గుడ్డపై నీడన ఆరబెట్టి దులిపిన, వచ్చే సంవత్సరమునకు విత్తనము కొననక్కరలేదు.

ఒక హెచ్చరిక. 1851లో ఇంగ్లండులో వుడ్‌వర్డు అనునతడు చేసిన గ్రైప్ వాటరులో సోయ నూనె ఉండెడిది. దానిని బట్టి ఇంట్లో సోయగింజలు కాచి పసిబిడ్డలకు పోయవలదు. ఆరు నెలల వరకు బిడ్డకు తల్లిపాలే చాలును.

గ్రామాధికారులకు మనవి

పెరటి తోట ఒక ఇంటిది, తీపి నీరు ఊరందరిది. 2002 నాటి జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టము ప్రకారము కొత్త బోరుకు అనుమతి పొందవలసియున్నది. తీర గ్రామములలో అనుమతి కోరి వచ్చిన వారికి ఉప్పునీటి సంగతి వివరించి చెప్పుడు. పాత దొరువులలో పూడిక తీయించుడు. నీటి పరీక్ష చేయించుకొను మార్గమును రైతు సేవా కేంద్రములో అడిగి అందరికి తెలియజేయుడు.

సోదరీమణులారా! ఈ సంవత్సరము వాన వెలిసిన వెంటనే ఒక్క మడితో ప్రారంభింపుడు. పదిగ్రాముల విత్తనము, మూడు నాలుగు గంపల చెరువు మట్టి, దినమునకు నాలుగు కడవల తీపి నీరు. ఈ మాత్రముతో సంక్రాంతి వెళ్ళిన పిమ్మట మీ ఇంటి పప్పులో సోయకూర పరిమళించును.