ముసలి పెంపుడు కుక్కకు కొత్త యిల్లు

బదిలీమీద మాచర్ల విడిచిపోవు కుటుంబము సామానంతయు లారీకెక్కించిన తరువాత వాకిట ఒక ప్రాణి మిగిలిపోవుట కద్దు. అది ఆ యింటిలో పదేండ్లు పెరిగిన చిన్న బొచ్చుకుక్క. నగరములో కుదిరిన అద్దెయింటిలో కుక్కలకు చోటు లేదు. ఒక్కొక్కప్పుడు దానిని పెంచిన పెద్దవారే కాలము చేయుదురు. పిల్లకుక్కయైనచో నాలుగు రోజులలో ఎవరో ఒకరు పట్టుకొనిపోదురు. మూతి నెరిసినదానిని అడుగువారుండరు. కడకు రైలుస్టేషను వద్దనో, సాగరు రోడ్డుమీదనో వదలివేయుదురు. ఊరకుక్కలు బ్రతుకుట లేదా, ఇదియు అట్లే బ్రతుకునని వారి సమాధానము. మరొకరి యింట చేర్చరాదా యని యడిగినచో, ఈ వయస్సులో అది ఇంకొకరికి అలవాటు పడదందురు. ఈ రెండు అభిప్రాయములును సరియైనవి కావు.

వీధికుక్క తాను పుట్టిన వీధిలోనే బ్రతుకు నేర్చుకొనును. నీరెచ్చట దొరకునో, ఏ యంగడివారు మెతుకులు వేయుదురో, ఏ వేళకు లారీలు వచ్చునో దానికి తెలియును. ప్రతి గుంపునకు ఒక హద్దు ఉండును. హద్దు దాటి వచ్చిన కొత్త కుక్కను గుంపంతయు కలిసి తరుమును. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు వీధికుక్కలకు శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటనే తిరిగి విడువవలెనని చెప్పుచున్నవి. ఇంటికుక్కకు ఇట్టి చోటు లేదు, ఇట్టి చదువును లేదు.

దీనికి తోడు పల్నాటి యెండ. మాచర్లకు చేరువనున్న రెంటచింతల పేరు ప్రతి వేసవిలోను వాతావరణ వార్తలలో వినవచ్చుచుండును. మనకువలె కుక్కకు ఒడలంతయు చెమట పట్టదు; అరికాళ్ళయందు మాత్రమే కొంచెము పట్టును. నాలుక వ్రేలాడవేసి వగర్చుటవలన, నోటిలోను శ్వాసమార్గములోను తడి ఆవిరియై పోవుటచేత దాని శరీరము చల్లబడును. నీరు దొరకనిచో ఈ యేర్పాటు పనిచేయదు. గుండె బలహీనపడిన ముసలి కుక్కకు వగర్చుటయే ఒక శ్రమ. మధ్యాహ్నపు నాపరాయి మీద దాని పాదములు బొబ్బలెక్కును. బొచ్చు గొరిగించిన చల్లగా నుండునని కొందరు తలంతురు గాని, రెండు పొరల బొచ్చు గల జాతులలో అది యెండను కొంతవరకు అడ్డగించును కూడ.

ఇక వయస్సు మాట. కుక్క యేటిని ఏడుతో హెచ్చవేసిన మనిషి వయస్సు వచ్చునను లెక్క లోకములో వాడుకగా నున్నది. ఏడాది కుక్క పిల్లలను కనగలదు. ఏడేండ్ల బాలిక కనలేదు. ఇది యొక్కటి చాలును ఆ లెక్క తప్పని తెలియుటకు. 2020లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు 104 లాబ్రడార్ కుక్కల డి.ఎన్.ఏ.ను పరిశీలించిరి. వయస్సుతోపాటు డి.ఎన్.ఏ.మీద మిథైల్ సమూహములు చేరు తీరు మారుచుండును. దానినిబట్టి వారు కట్టిన సూత్రమిది: కుక్క వయస్సుయొక్క సహజ సంవర్గమానమును 16 చే హెచ్చవేసి 31 కలుపవలెను. ఆ ప్రకారము ఏడాది కుక్క 31 ఏండ్ల మనిషికి, పదేండ్ల కుక్క సుమారు 68 ఏండ్ల మనిషికి సమానము. అనగా కుక్క తొలియేట మిక్కిలి వేగముగా పెరిగి, పిదప నెమ్మదిగా ముసలిదగును. ఈ లెక్క లాబ్రడారులది. చిన్న కుక్కలకు యథాతథముగా వర్తింపదు.

చిన్నవాటి విషయములో ప్రకృతి ఒక వింత చేసినది. సాధారణముగా పెద్ద జంతువులకు ఆయుర్దాయ మెక్కువ. ఎలుకకంటె ఏనుగు చాల కాలము బ్రతుకును. కుక్కలలో మాత్రము ఇది తలక్రిందులు. మిక్కిలి పెద్ద జాతులు ఏడెనిమిదేండ్లకే ముసలివగును, చిన్న జాతులు పండ్రెండు మొదలు పదునైదేండ్ల వరకు బ్రతుకుట సామాన్యము. ఇన్సులినును పోలిన ఒక వృద్ధికారకమును తయారుచేయు జన్యువులోని భేదమే చిన్న జాతుల పొట్టితనమునకు ముఖ్య కారణమని 2007లో తేలినది. ఆ కారకము తక్కువగా నుండుటకును దీర్ఘాయువునకును సంబంధ మున్నదని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. కావున పదేండ్ల చిన్న కుక్కను తెచ్చుకొన్నవారు దాని చావుకొరకు తెచ్చుకొన్నట్లు కాదు. నాలుగైదేండ్ల సావాసము మిగిలి యుండవచ్చును. కంటిలోని నీలిమసకను చూచి గ్రుడ్డిదని తోసివేయరాదు. కటకము మధ్యభాగము వయస్సుతో గట్టిపడుటచే వచ్చు ఆ మసక చూపును పెద్దగా చెరుపదు. శుక్లము వేరు, తెల్లగా కమ్మును. ఈ రెంటిని పశువైద్యుడు సులభముగా గుర్తించును.

మొక్కై వంగనిది మానై వంగునా యన్న సామెత కుక్కలపట్ల అంతగా చెల్లదు. 2016లో వియన్నావారు 95 కుక్కలకు తాకెడు తెరమీద బొమ్మలు గుర్తించుట నేర్పిరి. ముసలివాటికి నేర్చుట కెక్కువ మారులు పట్టినది. కాని ఆరు నెలల తరువాత పరీక్షించినపుడు వాటి జ్ఞాపకము పడుచువాటి జ్ఞాపకమునకు తీసిపోలేదు. మమకారము సంగతి యింకను విశేషము. హంగరీ దేశపు శరణాలయములలోని యెదిగిన కుక్కలతో ఒక మనిషి పది నిమిషముల చొప్పున మూడు మారులు మాత్రమే గడపగా, అవి ఆ మనిషిని తమవానిగా నెంచుట 2001లో ప్రకటింపబడినది. అయితే తొలిదినములు కష్టమే. శరణాలయములో చేరిన కుక్కల రక్తములో ఆందోళనను తెలుపు కార్టిసోల్ మొదటి మూడు రోజులు మిక్కిలి హెచ్చుగా నుండి క్రమముగా తగ్గుట 1997లో అమెరికాలో కనుగొనబడినది. తిండి ముట్టలేదని రెండవనాడే తిరిగి పంపివేయువారు ఈ మాట గమనింపవలెను.

కుక్క లోకము చాలవరకు వాసనల లోకము. అది పడుకొన్న పాతగోనె, పెంచినవారి ఉతకని తువ్వాలు దానితో పంపినచో కొత్త గదిలో కొంత ధైర్యము కలుగును. ఆ మూట ఉతికి పంపుట మర్యాదయే కాని మేలు కాదు. ప్రయాణము తెల్లవారుజామున చేయించవలెను. దాని పేరు, తిండి వేళలు, పులుసన్నము అలవాటా పెరుగన్నము అలవాటా, ఉరుమునకు భయపడునా, పిల్లలను చూచి గుర్రుమనునా, అన్నియు దాచక చెప్పవలెను. దాచిన దోషము వారము దినములలో బయటపడును, కుక్క మరల వీధిపాలగును. ఉల్లి, వెల్లుల్లి దాని ఎర్రరక్తకణములను చిట్లజేయును. ఎండుద్రాక్ష మూత్రపిండములకు చెరుపు. కావున పులుసు అలవాటున్నను మాన్పించుటయే మంచిది. రేబిస్ టీకా చీటీ తప్పక చేతికీయవలెను. చీటీ లేనిచో మరల వేయించిన పిదపనే కొత్త యింటికి పంపవలెను. పశువైద్యశాలలో పండ్లు, గుండె చప్పుడు చూపించి, నట్టల మందు పట్టించి, పిడుదులు తీయించవలెను. చిన్న జాతులలో ముసలితనమున గుండె కవాటము కారుట తరచు కనిపించును. పక్కమీద నుండగా దగ్గు వచ్చుచున్నచో అనుమానింపవలెను.

చట్టము కూడ ఈ విషయమై మాటాడినది. రాజ్యసభ సభ్యురాలుగా రుక్మిణీదేవి అరండేల్ తెచ్చిన బిల్లు ప్రేరణగా 1960లో వచ్చిన జంతుహింస నివారణ చట్టము, ఆకలిదప్పులతో బాధపడునట్లు జంతువును నిష్కారణముగా వదలివేయుట నేరమన్నది. తొలి నేరమునకు జరిమానా పది రూపాయలు మొదలు ఏబది రూపాయల వరకు! ఆ దినములలో ఏబది రూపాయలు ఒక మొత్తమే. నేడు లారీ కూలికి కూడ చాలదు. 2025 ఆగష్టు 22న సుప్రీంకోర్టు, వీధికుక్కను పెంచుకొన దలచినవారు పురపాలక సంఘమునకు దరఖాస్తు చేసికొనవచ్చుననియు, అట్లు తీసికొన్నది మరల వీధి చేరకుండ చూచు బాధ్యత వారిదే యనియు చెప్పినది.

ఎవరి యింట చేర్చవలె నన్న ప్రశ్నకు కుక్క స్వభావమే జవాబు. గంటలకొలది పరుగులు కోరు పడుచుకుక్క పిల్లలున్న యింటికి తగును. రెండు పూటల నాలుగడుగులు నడచి, తక్కిన ప్రొద్దు మంచము క్రింద పడుకొను ముసలిది పింఛను పుచ్చుకొని యింటి పట్టున నుండువారికి సరిపోవును. పది, పదునైదు రోజులు చూచుకొనుటకని ఇచ్చి, నప్పనిచో తిరిగి పుచ్చుకొందుమని మాట యీయవలెను. ఈ గడువులో అది రాత్రి నిద్రలేచి తిరుగుట, మూలకు చేరి గోడవైపు చూచుచు నిలుచుట, ఇంటిలో మూత్రము పోయుట కనిపించవచ్చును. అది మొండితనము కాక మెదడు సన్నగిల్లుట వలనగాని, మూత్రపిండముల వ్యాధి వలనగాని వచ్చి యుండును, వైద్యునకు చూపవలసినదే. చూపు తగ్గినదానికి రాత్రి ఒక చిన్న దీప ముంచి, నీళ్ళ గిన్నె, మంచము ఒకే చోట కదలక యుండునట్లు చూచిన చాలును. మూడు నాలుగు దినములలో అది దారి కనుగొనును.