జాంబవంతునికీ గాలి కావాలి

దసరా సమీపిస్తున్నదంటే మన కాలనీ పిల్లల దృష్టి పుస్తకాల మీద కంటె వేషాల మీదనే ఎక్కువగా ఉంటుంది. సముద్రం దాటి వచ్చినా తెలుగువారిని వీడని సరదా ఇది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. ఉత్తరాంధ్ర తీరం నుండి తరలి వచ్చిన కుటుంబాలు వీరిలో అనేకం. పులివేషం, పగటివేషాలు చూస్తూ పెరిగిన పెద్దలకు తమ పిల్లలకు కూడా ఒక వేషం కట్టి చూసుకోవాలని ముచ్చట.

మాకూ ఆ ముచ్చట కలిగింది. 2016 దసరాకు పిల్లలు ప్రదర్శించిన నాటికలో హనుమంతునికి అతని బలాన్ని గుర్తు చేసి సముద్ర లంఘనానికి పురికొల్పే జాంబవంతుని పాత్ర మా చిన్నవాడికి దక్కింది. వాడికప్పుడు పదకొండేళ్లు. కోతి ఎట్లా ఉంటుందో ఇక్కడి పిల్లలకు తెలుసు. గ్రేట్ నికోబార్, కచ్చల్ వంటి దీవులలో పొడవుతోక కోతులు ఉన్నాయి. ఎలుగుబంటి మాత్రం ఈ అడవుల జంతువు కాదు. కనుక చూడగానే భల్లూకమని తెలియాలని మేము పట్టుబట్టాము.

చేసిన పొరపాటు

చెన్నై నుండి దట్టమైన నల్లని కృత్రిమ బొచ్చు గుడ్డ తెప్పించాము. లోపల అంగుళం మందాన స్పాంజి పరచి, మెడ నుండి మడమల వరకు సందు లేకుండా కుట్టించాము. తల కూడా స్పాంజితోనే చేసి, కళ్లకు రెండు చిన్న రంధ్రాలు మాత్రం ఉంచాము. చూసినవారంతా మెచ్చుకున్నారు. ప్రదర్శన నాడు ఎనిమిది నిమిషాలు గడిచేసరికి జాంబవంతుడు తడబడుతూ తెర వెనుకకు వచ్చి కూలబడ్డాడు. వాడి తల్లి ఆ తల ఊడదీసేసరికి ముఖం ఎర్రగా కంది ఉంది. పిలిస్తే వెంటనే పలుకలేదు. తడిగుడ్డతో తుడిచి, విసిరి, కొంచెం కొంచెంగా నీళ్లు పట్టించిన తరువాత గాని తేరుకోలేదు.

మోటారుకు గాలి ఆడే మార్గం మూసుకుపోతే వైండింగు కాలిపోతుందని పదిమందికి పాఠం చెప్పే మేము, కన్నబిడ్డ తలకు గాలి మార్గం ఉంచడం మరచాము. చెమట ఆరినప్పుడే శరీరం చల్లబడుతుంది. ఈ దీవులలో గాలి ఏడాదిలో ఎక్కువ కాలం తేమతో నిండి ఉంటుంది కనుక చెమట ఆరడమే కష్టం. దానిపై స్పాంజి, బొచ్చు చేరితే ఇక చెప్పేదేమున్నది?

మరుసటి ఏటి సరంజామా

2017లో మళ్లీ మొదటి నుండి ఆరంభించాము. మన ఊళ్లలో పులివేషగాడు బొచ్చు తొడగడు. ఒంటికి పసుపు, నలుపు రంగులు పూసి, తోక కట్టి, డప్పు దరువుకు అడుగు వేస్తాడు. అయినా అందరికీ పులే కనబడుతుంది. ఆ సూత్రమే మేము గ్రహించాము. బొచ్చు తల మీద, భుజాల మీద, ముంజేతుల మీద ఉంటే చాలు. మిగిలిన ఒంటికి వదులైన నల్లని నూలు చొక్కా, పైజామా సరిపోతాయి.

తలకు ఇక్కడ కుర్చీలల్లే సన్నని పేముతో బుట్ట వంటి చట్రం కట్టాము. దానిపై పాత దోమతెర గుడ్డ బిగించి, నల్లరంగు వేసి బాగా ఆరబెట్టిన కొబ్బరి పీచును కుచ్చులుగా, దబ్బనంతో, పురికొసతో కుట్టాము. కుచ్చులను కింది వరుస నుండి పైకి, ఇంటికప్పు పెంకుల వలె ఒకదానిపై ఒకటి వచ్చేట్లు కుట్టాలి. మన అడవుల ఎలుగుకు ఉండే చింపిరి జుట్టు కొబ్బరి పీచుతో వచ్చినంత సహజంగా కొన్న గుడ్డతో రాలేదు. పీచు గుచ్చుకుంటుంది కనుక లోపల మెత్తని నూలు అస్తరు తప్పనిసరి. రొమ్ము మీద తెల్లని గుడ్డతో వంకీ గుర్తు కుట్టగానే రూపం పూర్తయింది.

ముంజేతులకు మాత్రం పాత బొచ్చు గుడ్డనే వాడాము. దానిని కత్తెరతో కోస్తే వెంట్రుకలు తెగి అంచు బోడిగా కనబడుతుంది. గుడ్డను తిరగవేసి, వెనుక నేతను మాత్రమే బ్లేడుతో కోయాలి. వెంట్రుకల వాలు కిందికి ఉండాలి. కుట్టిన తరువాత కుట్టులో ఇరుక్కున్న వెంట్రుకలను సూదిమొనతో పైకి లాగి దువ్వితే అతుకు కనబడదు. ఇస్త్రీ పెట్టె తగిలితే ఈ గుడ్డ కరిగిపోతుంది. రబ్బరు జిగురు వాడితే కిటికీలు తెరిచి పని చేయాలి. వాసన పూర్తిగా పోయేవరకు పిల్లలకు తొడగరాదు.

పిల్లవాడు చూడవలసినది జంతువు కళ్లలోనుండి కాదు, తెరిచి ఉన్న నోటిలోనుండి. నోటికి నల్లని వలగుడ్డ కట్టితే లోపలి ముఖం బయటికి కనబడదు, గాలి మాత్రం ధారాళంగా వస్తుంది. నడినెత్తిన పీచు చాటున అరచేయంత సందు వదిలాము. వేడిగాలి పైకి పోతుంది, చల్లనిది కిందినుండి వస్తుంది; కర్మాగారపు కప్పు మీది గాలిగూడు చేసే పని ఇదే.

మూడు నియమాలు

పది నిమిషాలకు మించి తల తొడగరాదు. తీసిన వెంటనే నీళ్లు తాగించాలి. ఒక పెద్దవారు రంగస్థలం పక్కనే ఉండి కనిపెట్టాలి. పిల్లవాడు చేయి పైకెత్తితే నాటిక సగంలో ఉన్నా సరే తల తీసివేయాలి. కొబ్బరి పీచు, కృత్రిమ బొచ్చు రెండూ సులభంగా అంటుకునేవే కనుక హారతి, దీపాలు, బాణసంచా దరిదాపులకు పోనీయరాదు. హనుమంతుని తోకకు ఎర్రకాగితపు మంటే చాలు.

వేషం దాచేటప్పుడు బూజు మరొక శత్రువు. అస్తరును విప్పి ఉతికేట్లు టాకాలు మాత్రం వేయాలి. పీచును ఎండలో బాగా ఆరబెట్టి గుడ్డసంచిలో వేలాడదీయాలి. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే ఒక్క వర్షాకాలానికే పాడైపోతుంది.

ఆ ఏడు మా జాంబవంతుడు తన మాటలన్నీ తడబాటు లేకుండా చెప్పాడు. తెర వెనుకకు వచ్చిన వెంటనే మేమే ఆత్రంగా తల తీశాము. చెమట పట్టిన ముఖంతో నవ్వుతూ, "నాన్నా, చప్పట్లు కూడా వినబడ్డాయి" అన్నాడు. అంతకుముందు ఏడు స్పాంజి గోడల నడుమ వాడికి అవి కూడా వినబడలేదన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది. ఈ దసరాకు వేషాలు కట్టబోయే తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే: వేషాన్ని అద్దం ముందు పెట్టి చూసుకునే ముందు, ఆ తలను మీరొకసారి తొడుక్కొని పది నిమిషాలు కూర్చోండి.