ఐదు లక్షల ముప్పై ఆరు

సంఖ్యలు లెక్కించడానికే కాక, గుర్తించడానికీ ఉపకరిస్తాయి. తపాలా శాఖ 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన పిన్‌కోడు ఈ రెండవ కోవకు చెందినది. హైదరాబాదులోని మలక్‌పేట పిన్‌కోడు 500036. ఇందులో మొదటి అంకె తపాలా మండలాన్ని, చివరి మూడంకెలు ఉత్తరాలు బట్వాడా చేసే కార్యాలయాన్ని తెలుపుతాయి. ఈ గుర్తును సంఖ్యగా భావించి పరిశీలిస్తే ఎన్నో విశేషాలు బయటపడతాయి.

దీని చివరి రెండంకెలైన 36 నాలుగు చేత భాగింపబడుతుంది కనుక మొత్తం సంఖ్య కూడా నాలుగు చేత భాగింపబడుతుంది. అప్పుడు వచ్చే భాగఫలం 125009. దీనిని 3 మొదలు 37 వరకు గల ఏ ప్రధాన సంఖ్యా నిశ్శేషంగా భాగించదు. ఓపికతో ముందుకు సాగితే 41 వద్ద ఫలితం దక్కుతుంది. 41ని 3049తో గుణిస్తే 125009 వస్తుంది. 3049 ప్రధాన సంఖ్యయే. 56 వర్గం 3049ని మించుతుంది కనుక, 53 వరకు గల ప్రధాన సంఖ్యలతో పరీక్షిస్తే ఈ విషయం తేలిపోతుంది. కాబట్టి 500036 = 2 × 2 × 41 × 3049.

ఈ సంఖ్యకు భాజకాలు పన్నెండు. తనను మినహాయించి మిగిలిన భాజకాల మొత్తం 396664. ఈ మొత్తం సంఖ్యకు సమానమైతే దానిని పరిపూర్ణ సంఖ్య అనీ, తక్కువైతే న్యూన సంఖ్య అనీ, ఎక్కువైతే అధిక సంఖ్య అనీ ప్రాచీన గ్రీకులు విభజించారు. 1, 2, 3ల మొత్తం ఆరు కనుక 6 పరిపూర్ణ సంఖ్య. మలక్‌పేట సంఖ్య న్యూన సంఖ్య. పొరుగున ఉన్న దిల్‌సుఖ్‌నగర్ పిన్‌కోడు 500060 దీనికంటే 24 మాత్రమే ఎక్కువ. అయినా దాని భాజకాల మొత్తం 646036 కావడం వల్ల అది అధిక సంఖ్య. పక్కపక్కన ఉన్నంత మాత్రాన సంఖ్యల స్వభావాలు ఒకటి కావు.

మరొక విశేషం. రెండు వర్గాల మొత్తాలుగా రాయగల సంఖ్యలను గుణిస్తే, వచ్చే లబ్ధాన్ని కూడా అలాగే రాయవచ్చు. 41 అంటే 4, 5ల వర్గాల మొత్తం. 3049 అంటే 32, 45ల వర్గాల మొత్తం. అందువల్ల 500036ను రెండు విధాలుగా రాయవచ్చు:

706² + 40² = 500036
680² + 194² = 500036

రెండు ఘనాల మొత్తంగా రెండు విధాల రాయగల 1729ని శ్రీనివాస రామానుజన్ ప్రసిద్ధం చేశాడు. వర్గాల విషయంలో మలక్‌పేట సంఖ్యకు అటువంటి గుణమే ఉన్నది. దిల్‌సుఖ్‌నగర్ సంఖ్యకు మాత్రం అది లేదు. 4తో భాగిస్తే 3 మిగిలే 11 అనే ప్రధాన కారణాంకం అందులో ఒక్కసారే ఉండటం ఇందుకు కారణం.

అదృష్ట సంఖ్యలని నమ్మి వాహనాల నెంబర్ల కోసం వేలంలో వేల రూపాయలు వెచ్చించేవారున్నారు. సంఖ్యకు అదృష్టం ఉన్నదో లేదో ఏ లెక్కా తేల్చలేదు. 3049 ప్రధాన సంఖ్య అవునో కాదో మాత్రం కాగితమూ కలమూ ఉన్న ప్రతి విద్యార్థీ స్వయంగా తేల్చుకోగలడు. ఎవరి మాటనూ నమ్మవలసిన అవసరం లేకపోవడమే గణితం మనకిచ్చే స్వేచ్ఛ. మీ ఊరి పిన్‌కోడును కూడా ఈ విధంగా పరిశీలించి చూడండి.